ఫొటోలు ఉన్నయి, చూసేదే లేదు

మా అమ్మ ప్రతి సోమవారం వేములవాడకు వస్తుంది. ముందు రాజన్న దర్శనం, కోడె మొక్కు చెల్లించేవాళ్లను కాసేపు నిలబడి చూడడం, ఆ తర్వాత మా ఇల్లు. అన్నం తిన్నాక నడుం వాల్చమంటే వినదు. చెంగుతో చేతులు తుడుచుకుంటూ హాలు మూలనున్న కంప్యూటర్ దగ్గరికి పోయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. "ఇగ పెట్టు బిడ్డా" అంటుంది.

సీరియల్ అనుకునేరు. అమ్మ చూసేది ఫొటోలు. మా పుట్టింటి ఫొటోలు.

మాది మిడ్ మానేరులో పోయిన ఊర్లలో ఒకటి. ఏ ఊరో చెప్పను, చెబితే ఇంటి పేరుతో సహా కనుక్కునేవాళ్లు మీలోనే ఉన్నారు. అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, కొదురుపాక, ఇట్లా ఆ చుట్టుపక్కల ఊర్లకు ఊర్లే లేచిపోయాయి. మానేరు మీద మాన్వాడ దగ్గర కట్టిన ఆ జలాశయానికి ఇప్పుడు మన రాజన్న పేరే పెట్టారు. 25 టీఎంసీల పైచిలుకు నీళ్లు పడతాయట. 2019లో నిండినప్పుడు జనం పండుగకు పోయినట్టు పోయి చూసొచ్చారు. అమ్మ మాత్రం ఈనాటికీ ఆ కట్ట ఎక్కలేదు.

ఊరు ఖాళీ చేయక ముందు, 2016లో, మా తమ్ముడు దుబాయి నుంచి సెలవుకు వచ్చి ఒక చిన్న కెమెరాతో ఇల్లంతా తీశాడు. అంతకుముందు మా ఇంట్లో ఫొటో అంటే పెండ్లి ఫొటోనే. వాడు మాత్రం గూనపెంకలు, చేదబావి, గోలెం, బర్రెల కొట్టం, దంతెకు తగిలించిన చెంబు, ఏదీ వదలలేదు. "ఈ పిచ్చేందిరా, గోడలకు ఫొటోలేంది?" అని అప్పుడు అందరం నవ్వాము. మొత్తం 312. అందులో నాలుగైదింట్లో బాపు ఉంటాడు. సాయమాన్ల నులక మంచం మీద కూర్చొని, కెమెరా వైపు చూడకుండా. 2018లో ఆయన పోయాడు. ఆ ఏడాది దాటితే ఇల్లూ పోయింది.

వాట్సాప్‌లో ఇవి మా అందరి ఫోన్లలో ఉన్నాయి కదా అనుకోవచ్చు. ఉన్నాయి. కానీ వాట్సాప్ ఫొటోను పంపేటప్పుడు నొక్కి చిన్నది చేస్తుంది. ఫోన్‌లో బాగానే ఉంటుంది, పెద్దగా చేసి చూస్తే బాపు మొహం అలికినట్టు అవుతుంది. అమ్మకు రెండు కండ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆమెకు పెద్ద తెర కావాలి, అసలు ఫొటో కావాలి. ఆ అసలువి ఉన్నది మా పాత డబ్బాలో మాత్రమే.

ఆ డబ్బా వయసు పదమూడేండ్లు. 2012లో దుకాణం లెక్కల కోసమని మా ఆయన కొన్నాడు. అప్పట్లో అందులో విండోస్ 7 ఉండేది. కరోనా కాలంలో కొడుకు ఆన్‌లైన్ క్లాసులకు అది ఈడ్వలేకపోతుంటే, 2021లో ఒకాయన పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ 10 కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. మిక్సీకి కొత్త జార్ వేసినట్టు, దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. ర్యామ్ మాత్రం అదే 4 జీబీ.

ఈసారి దసరాకు కొడుకు హాస్టల్ నుంచి వచ్చాడు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. ఆ వయసు పిల్లలకు ఇంట్లో ప్రతి వస్తువూ స్లోగానే కనిపిస్తుంది, తల్లిదండ్రులతో సహా. "అమ్మా, దీంట్ల పనికిరానియి మస్తున్నయి, తీసేస్తే తేలికైతది" అని ఒక వీడియో చూసుకుంటూ నల్లటి కిటికీలో ఏవేవో టైపు చేశాడు. నిజంగానే తేలికైంది. జమ్మి ఆకు చేతిలో పెట్టించుకుని, అరిసెల డబ్బా పట్టుకుని పోయాడు.

తర్వాతి సోమవారం అమ్మ వచ్చింది. అన్నం అయింది. కుర్చీలో కూర్చుంది. నేను ఫోల్డర్ తెరిచి మొదటి ఫొటో మీద రెండుసార్లు నొక్కాను. ఫొటో రాలేదు. దీన్ని దేనితో తెరవమంటారు అని ఒక చిన్న పెట్టె అడిగింది. రెండోది నొక్కాను, మూడోది నొక్కాను. అదే ప్రశ్న. ఫొటోలు ఉన్న చోట చిన్న చిన్న బొమ్మల బదులు తెల్ల కాగితాలు కనబడుతున్నాయి.

అమ్మ కాసేపు తెర వైపే చూసింది. "అది గూడ మునిగిందా బిడ్డా?" అంది.

నాకు నోట మాట రాలేదు. కరెంటు సరిగ్గా లేదని ఏదో సర్ది చెప్పి, ఆటో ఎక్కించాను.

ఆ సాయంత్రం నేనే కూర్చొని ఒక్కొక్కటి ప్రయత్నించాను. ఆ పెట్టెలో పెయింట్ పేరు కనబడితే నొక్కాను. మా చేదబావి తెర నిండా వచ్చింది. ఏడుపొచ్చింది నాకు, నిజం చెబుతున్నా. ఫొటోలు భద్రంగానే ఉన్నాయి. వాటిని చూపించేదే పోయింది. పిల్లలు చిన్నప్పుడు రంగులు వేసుకునే ఆ పెయింట్ 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్ నుంచీ ఉందట. 2017లో మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెడతామంటే ప్రపంచమంతా గోల చేసింది. మరునాడే, లేదు లేదు, స్టోర్‌లో ఉచితంగా ఉంచుతాం అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ గోల చేసినవాళ్లకు నా దండం.

కానీ పెయింట్‌తో 312 ఫొటోలు చూడడం కుదరదు. ఒకటి మూసి ఇంకొకటి తెరవాలి. అమ్మకు బాణం మీట ఒక్కటే తెలుసు. అది నొక్కితే ముందటి ఫొటో రావాలి. పైగా పెయింట్‌లో పొరపాటున ఏ గీతో పడి, సేవ్ అంటే సరే అని నొక్కితే, అసలు ఫొటో మీదే రాసేస్తుంది. చేయి ఆగని ఇంట్లో అది ప్రమాదం.

మరునాడు మా ఆయన సీపీయూను బండి మీద పెట్టుకుని పోయి ఒక రిపేరు షాపులో ఇచ్చాడు. షాపాయన పైకి చూసి, "ఈ నెల 14తో విండోస్ 10కు కాలం అయిపోతది సార్. దీనికి 11 ఎక్కదు. ఫార్మాట్ చేసి ఇస్త, కొన్ని రోజులు నడుస్తది. లేదంటే కొత్తది తీసుకోండి, 35 వేలల్ల వస్తది" అన్నాడట. ఫొటోల సంగతి అడిగితే, "డీ డ్రైవ్‌ల ఉన్నయి పోవు" అన్నాడట. మా ఆయన సరేనని వచ్చాడు. నేనూ సరే అనుకున్నాను. డీ అంటే ఏదో, సీ అంటే ఏదో, పోవని చెప్పాడు కదా.

రాత్రి కొడుకు ఫోన్ చేస్తే మాటల్లో చెప్పాను. అటువైపు ఒక్క క్షణం చప్పుడు లేదు.

"అమ్మా, అమ్మమ్మ ఫొటోలు యాడ ఉన్నయి?"

"ఎదురుంగనే ఉంటయి గదరా. తెర మీద."

"తెర మీద అంటే డెస్క్‌టాప్. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే అమ్మా. ఫార్మాట్ చేసేది దాన్నే."

ఇది నాకు అప్పటిదాకా తెలియదు. మీలో ఎందరికి తెలుసో. కంప్యూటర్ తెరవగానే ఎదురుగా కనిపించేవి, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అని పేర్లున్న ఫోల్డర్లు, ఇవన్నీ మామూలుగా సీలోనే ఉంటాయి. మనం కంటి ముందు పెట్టుకున్నాం కాబట్టి భద్రం అనుకుంటాం. ఫార్మాట్ అంటే ముందు పోయేవి అవే.

రాత్రి పది దాటింది. షాపు నంబరుకు చేస్తే ఎత్తలేదు. నిద్ర పట్టలేదు. ఊరు ఖాళీ చేసే రోజు కూడా నేను అంత భయపడలేదు, ఎందుకంటే అప్పుడు ఏం పోతుందో అందరికీ తెలుసు. తెల్లారి వంట సగంలో వదిలేసి ఎనిమిదిన్నరకే షాపు మెట్ల మీద కూర్చున్నాను. ఆయన వచ్చేసరికి తొమ్మిదిన్నర. మా డబ్బా బల్ల కింద అట్లనే ఉంది, తాకనే లేదు. "పని ఎక్కువుండె అక్కా, ఇయ్యాల చేద్దామనుకున్న" అన్నాడు క్షమాపణగా. వాళ్ల ఆలస్యానికి నేను సంతోషపడ్డది జీవితంలో ఆ ఒక్కసారే. ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

తెచ్చాక, ఎట్లాగూ కింద పెట్టాను కదా అని పక్క రేకు విప్పాను. కొడుకు వీడియో కాల్‌లో. లోపల చూస్తే మూడేండ్ల దుమ్ము. అగరొత్తుల పొగకు జిడ్డు పట్టి, ఫ్యాన్ రెక్కలకు నల్లటి ఉన్నిలా అతుక్కుంది. ఒంట్లో వేడి బయటికి పోకపోతే మనిషికి ఎట్లుంటుందో దానికీ అట్లనే, నెమ్మదిస్తుంది, హఠాత్తుగా ఆగిపోతుంది. మనం దాన్ని వయసు అనుకుంటాం.

ప్లగ్గు పూర్తిగా పీకాను. గోడలకు రంగు వేసే కొత్త కుంచె ఒకటుంటే దాంతో మెల్లగా దులిపాను. తడిబట్ట వద్దన్నాడు. ఫ్యాన్‌ను ఒక వేలితో ఆపి పట్టుకుని దులపాలి, ఊరికే గిరగిరా తిప్పకూడదట. ర్యామ్ అని ఒక పొడుగాటి పట్టీ ఉంటుంది, రెండు కొసల క్లిప్పులు నొక్కితే పైకి వస్తుంది. దాని కింది అంచున బంగారు రంగు పండ్లుంటాయి. పిల్లల తెల్ల రబ్బరుతో వాటిని మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్లీ పెట్టాను. ఇంత పెద్ద ఇంజినీరింగ్‌కు నాకు అయిన ఖర్చు ఐదు రూపాయల రబ్బరు.

పెట్టి ఆన్ చేస్తే తెర నల్లగా ఉంది. లోపల నుంచి కీ కీ అని మొత్తుకుంటోంది. నా గుండె జారిపోయింది. "అమ్మా, ర్యామ్ సరిగ్గ కూసోలే. ఇంక గట్టిగ నొక్కు, టక్కుమనాలె" అన్నాడు. విరిగిపోతుందేమోనని నేను సుతారంగా పెట్టాను మరి. రెండు బొటనవేళ్లతో నొక్కితే టక్కుమంది. తెర వెలిగింది.

ఇక స్టోర్‌లోకి పోయి ఫొటోస్ అనే యాప్ తెచ్చుకుంటే అయిపోతుందన్నాడు కొడుకు. వాడు తీసేసినవాటిలో అది కూడా పోయిందట. "నాకేం తెల్సు అమ్మా, అందరు అదే చేస్తున్నరు" అని గొణిగాడు. తిట్టాలనుకున్నాను గానీ, ముందు పని కావాలి. స్టోర్ తెరిస్తే తెరుచుకోదు. బ్రౌజర్‌లో ఏ సైటు కొట్టినా భద్రత లేదు అంటుంది. వైఫై డబ్బాను ఆపి మళ్లీ వేశాను. ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను కూడా, పాపం. నా ఫోన్‌లో మాత్రం అదే వైఫై బాగానే వస్తోంది.

గంటసేపటికి కొడుకే అడిగాడు. "కింద కుడి మూలకు తారీకు ఎంత ఉన్నది?"

1 జనవరి 2012.

అసలు సంగతి అక్కడుంది. కంప్యూటర్ లోపల రూపాయి బిళ్ల అంత సెల్ ఒకటుంటుంది, 3 వోల్టులది. దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. మాది ఎప్పుడో చచ్చిపోయింది. కానీ ప్లగ్గు ఎప్పుడూ గోడకే ఉండేది కాబట్టి ఆ కరెంటుతో తారీకు నిలబడింది, మాకు తెలియలేదు. ఒక రాత్రంతా షాపులో బల్ల కింద ఉండేసరికి అది వెనక్కి, పుట్టిన ఏడాదికి పోయింది. సైట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుంది అని ఒక ధ్రువపత్రం ఉంటుందట, బస్సు పాసులాగ. 2012లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కు 2025 పాసు చూపిస్తే, ఇది ఇంకా మొదలే కాలేదు, నమ్మను అంటుంది. స్టోర్ తెరుచుకోకపోవడానికీ అదే కారణం.

తారీకు సరిచేయగానే అన్నీ తెరుచుకున్నాయి. మరునాడు గడియారాల షాపులో 40 రూపాయలకు సెల్ తెచ్చి వేశాను. మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ తప్పుతుంటే, ముందు ఆ బిళ్ల మార్చి చూడండి.

ఫొటోస్ యాప్ స్టోర్‌లో వెతికి ఇన్‌స్టాల్ నొక్కితే వచ్చేసింది. పైసా లేదు. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్, అందులో ఫొటో వ్యూయర్ అన్నచోట దీన్ని ఎంచుకున్నాను, ప్రతిసారీ అడగకుండా. తెల్ల కాగితాలు పోయి చిన్న చిన్న బొమ్మలు వచ్చాయి. గూనపెంకలు, కొట్టం, బాపు.

కానీ నాకు నచ్చలేదు. 4 జీబీ మీద ఆ యాప్ మోయలేని బరువు. బాణం నొక్కితే గుండ్రంగా తిరిగి తిరిగి అప్పుడు ఫొటో వస్తుంది. అమ్మ ఈలోగా నాలుగుసార్లు నొక్కుతుంది, నాలుగు ఫొటోలు దాటిపోతాయి. విండోస్ 7 ఉన్నప్పుడు ఒకటుండేది కదరా, కింద మధ్యలో గుండ్రటి బటన్ ఉండేది, టకటకా వచ్చేవి, అని కొడుకును అడిగాను.

"అది యాడికి పోలే అమ్మా, ఇందుల్నే ఉన్నది" అన్నాడు.

విండోస్ ఫొటో వ్యూయర్ అని దాని పేరు. పాత 7 మీదనే 10 ఎక్కించుకున్నవాళ్లకు అది అట్లనే కొనసాగిందట. మాలాగ కొత్తగా 10 వేయించుకున్నవాళ్లకు మాత్రం ఫైళ్లన్నీ లోపలే ఉన్నా, టిఫ్ రకం బొమ్మలకు తప్ప, మన మామూలు జేపీజీ ఫొటోలకు దాని పేరు జాబితాలో రాయలేదు. అంటే మనిషి ఇంట్లోనే ఉన్నాడు, రేషన్ కార్డులో పేరు లేదు. పేరు లేదు కాబట్టి ఎవరూ పిలవరు.

అది విన్నప్పుడు నాకు మా కాలనీ గుర్తొచ్చింది. అక్కడ అంతా తలకిందులు. కాగితాల్లో ఊరి పేరు ఉంది, అమ్మ ఆధార్ కార్డు మీద పాత ఇంటి నంబరు చాలా రోజులు అట్లనే ఉండె. ఊరే లేదు.

ఆ పేరు చేర్చే చోటును రిజిస్ట్రీ అంటారు. అందులో ఒక అక్షరం తప్పుగా చెరిపినా కంప్యూటర్ లేవకపోవచ్చు. అందుకని ఈసారి నేను గట్టిగా పట్టుబట్టాను. ముందు ఫొటోలు బయటికి రావాలి, తర్వాతే ఏ ప్రయోగమైనా. పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి మొత్తం 312 ఎక్కించి, సంచికట్టులో ఉన్నాయా అని లెక్క పెట్టి, కొన్ని తెరిచి కూడా చూశాను. ఎక్కించాను అనుకోవడం వేరు, తెరిచి చూడడం వేరు. ఇంకొక ప్రతి తమ్ముడికి, వాట్సాప్‌లో కాదు, డ్రైవ్‌లో పెట్టి పంపాను. కంప్యూటర్‌లో ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకున్నాం. అప్పుడు కొడుకు పంపిన చిన్న ఫైలు మీద రెండుసార్లు నొక్కితే, అవునా కాదా అని అడిగి, పేరు చేర్చుకుంది. అట్లాంటి ఫైళ్లు ఎక్కడపడితే అక్కడ దింపుకుని నొక్కకండి. నేను కన్నకొడుకు పంపింది కూడా వాడితో ప్రతి వరుస చదివించుకునే నొక్కాను. ఒకసారి దెబ్బతిన్నదాన్ని కదా.

మా ఆయన ఇదంతా చూస్తూ, "ఇంత కష్టపడే బదులు కొత్తది కొనుక్కుంటే పోలే?" అన్నాడు. ఆ 35 వేలు బీరువాలో ఉన్నట్టు. నిజమే, ఇది ఎల్లకాలం నడవదు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనేది ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్త తరానిది కావాలి. మా దాంట్లో రెండూ లేవు. 14 అక్టోబరు 2025తో 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకొక ఏడాది, 2026 అక్టోబరు దాకా, భద్రతకు సంబంధించినవి ఇస్తారు. అది చేసుకున్నాం. అయినా దాంతో బ్యాంకు పనులు, గ్యాస్ బుకింగులు పెట్టుకోను. దుకాణం లెక్కలు ఫోన్‌లోకి మారాయి. దాని పని ఇప్పుడు ఒక్కటే, సోమవారం మధ్యాహ్నం. దానికోసం ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, తీగ పీకేసి ఉంచుతాను.

పెన్‌డ్రైవ్ నా పట్టుచీరల మడతల్లో ఉంది. అప్పుడప్పుడు తీసి పెట్టి చూస్తాను, చీరలకు గాలి పోసినట్టే.

కార్తీకంలో మొదటి సోమవారం. గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. అమ్మ దర్శనం చేసుకుని ఇల్లు చేరేసరికి రెండు దాటింది. ఉపవాసం, చాయ మాత్రం తాగింది. కంప్యూటర్ వైపు చూసింది గానీ ఏమీ అడగలేదు. నేనే కుర్చీ జరిపాను. కూర్చుంది. బాణం మీట మీద వేలు పెట్టి, నొక్కాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది.

"నొక్కు అమ్మా."

నొక్కింది. టక్కున వచ్చింది. దర్వాజ. ఇంకోటి, గోలెం. ఇంకోటి, కొట్టం. ఆమె వేగం ఆమెకు దొరికింది. నేను వంటింట్లోకి పోయాను. కాసేపటికి మీట చప్పుడు ఆగిపోయింది. మళ్లీ ఏమైందోనని పరుగెత్తుకొచ్చాను.

సాయమాన్ల బాపు ఉన్న ఫొటో. అమ్మ బాపును చూడడం లేదు. తెర దగ్గరికి వంగి, మంచం వెనకాల గోడను చూస్తోంది.

"ఆ మేకుకు చూడు బిడ్డా, నా జల్లెడ. యాడ పోయిందో అని ఇన్నొద్దులు దేవులాడుతున్న. ఆన్నే మర్చిపోయి వచ్చిన."

"ముందటిది పెట్టాల్నా?"

"ఆగు, జరసేపు ఉండనియ్యి."